ఎర్ర ఊలు

ఫిబ్రవరి. తుర్కులో ఔరా నది గడ్డకట్టింది,
నడుమ పడవ దారి మాత్రం నల్లగా.
వెయికో సారెలా బూట్ల మంచు గుమ్మంలో దులిపి
బాకీ సొమ్ము విసిరినట్టు
గిటారు పెట్టె నా బల్ల మీద పడేశాడు.
"శ్రుతి నిలవడం లేదు, హిల్కా. అమ్మేస్తాను.
పైన రంగు కూడా కొత్తది కొట్టు."

ముప్పై ఒక్కేళ్లు స్టాక్‌హోమ్ ఓడ మీద
రాత్రి డాన్సు బ్యాండులో వాయించాడు.
తాగినవాళ్ల టాంగోలు, పెళ్లిరోజుల వాల్ట్జులు,
అల లేచినప్పుడు అందరూ ఒకే వైపు ఒరిగే జంటలు.
ఇప్పుడు కుడి చేతికి వణుకు.
"ఇక ఆ వణికించే కడ్డీ నాకెందుకు" అని
తనే నవ్వాడు. నేను నవ్వలేదు.
ఆరేళ్లుగా పెట్టె తెరవలేదట.
ఎవరూ ముట్టుకోలేదట.

అతను వెళ్లాక దీపం కిందికి లాగాను.
బ్రిడ్జి వెనక అంచు పైకి లేచి ఉంది.
కడ్డీ ఒక్కసారి నొక్కి వదిలితే
తీగలు బయల్దేరిన చోటికి రావు;
సంతకెళ్లి దారి తప్పినవాళ్లలా
ఒక్కొక్కటీ ఒక్కో గుమ్మం ముందు ఆగాయి.
ఉప్పుగాలి తినేసిన శాడిళ్లు.
ఆరు మరల్లో రెండు కర్రలో వదులై
ఊడబోయే పాలపళ్లలా ఊగుతున్నాయి.
పైన పటారం, లోన లొటారం అందామంటే
పైన పటారమూ లేదు:
సముద్రపు పచ్చ పసుపుకు తిరిగింది,
మోచెయ్యి ఆనేచోట పెచ్చు లేచి
కింద తెల్ల పూత, దాని కింద కర్ర,
కర్ర మీద చెమట నునుపు.

మోచెయ్యి ఆనేచోట.
రెండు చోట్లు!
ఒకటి పెద్దది, పాతది, అంచులు నల్లబడ్డది.
ఇంకోటి నాలుగు వేళ్లు ఇవతలగా, చిన్నది.
అక్కడ రంగు ఇంకా పోలేదు, మెరుపు మాత్రం చచ్చింది.
పొట్టి చెయ్యి.
గ్లాసు అంచున పెదవి గుర్తంత తాజాగా.

వెనక మూత విప్పాను.
మూడు స్ప్రింగులు. వాటి నడుమ
ఎర్ర ఊలుదారం, వదులుగా, పద్ధతిగా అల్లి ఉంది.
వాయించడం ఆపినా లోపల స్ప్రింగులు
ఇంకాసేపు గొణుగుతాయి.
చాలా చెవులకది పట్టదు. పట్టిందా, నిద్రుండదు.
స్పాంజి కుక్కేవాళ్లను చూశాను, రబ్బరు దూర్చేవాళ్లనూ.
ఊలు అల్లినవాళ్లను ఇదే చూడ్డం.

రెండు రోజుల పని.
వదులు కంతల్లో మేపుల్ పుల్లలు జిగురుతో దిగ్గొట్టి
మళ్లీ తొలిచాను.
బ్రిడ్జి అంచు సానబట్టాను.
నట్టు గాడుల్లో పెన్సిలు ముక్కు అరగదీశాను.
వెనక మర పావుచుట్టు, అందులో పావుచుట్టు తిప్పుతూ పోతే
తీగల లాగుడూ స్ప్రింగుల లాగుడూ
ఎక్కడో ఒకచోట రాజీపడ్డాయి,
ఒకే ఇంట్లో ఇద్దరు మొండివాళ్లలాగ.
అతని లావు తీగలు తీసేసి సన్నవి కట్టాను.
ఎత్తూ తగ్గించాను. ఎవరి వేళ్ల కోసమని
అడగడానికి ఎవరూ లేరు.

రంగు కొట్టలేదు.
లేచిన పెచ్చుల కింద చుక్క చుక్క జిగురు పోసి,
రెండు వేల నంబరు కాగితం తడిపి రుద్ది, ఊరుకున్నాను.
కొత్త రంగు పడితే చిన్న మచ్చ కూడా పోతుంది.
సాక్ష్యం చెరిపే పనికి నేను కూలి తీసుకోను.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు.
ఐలాను చూడ్డం అదే మొదలు,
నా భుజం దాకా వస్తుందేమో.
అతను కడ్డీ నొక్కాడు, వదిలాడు.
ఆరు తీగలూ ఇల్లు చేరాయి.
"రంగేదీ?"
"వేస్తే ధర పడిపోతుంది." సగమే అబద్ధం.
గొణిగాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.
కారు తెస్తానని వెళ్లాడు.

తలుపు గంట ఊగి ఊగి ఆగేదాకా
ఆమె కదల్లేదు.
పెట్టె మీద చెయ్యి ఆనించి
నావైపు చూడకుండానే అడిగింది:
"లోపలి ఊలు... తీసెయ్యలేదు కదా?"